బీరు సాఫ్ట్‌వేర్‌లో రాగులేవీ?

సాహితీ క్లబ్ పత్రికలో బీరు గురించి వ్యాసమా అని ముక్కు విరిచేవాళ్ళ కోసం ముందే ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. "ఇంట్లోకేనండి, అయిదు లీటర్లేనండి" అంటే నడవదు. పైగా మన రాష్ట్రంలో మందు ముట్టడానికి చట్టం పెట్టిన వయసు 21. ఇది చదివేవాళ్ళలో చాలామంది ఆ గీతకు ఇవతలే ఉన్నారు. కాబట్టి హాస్టల్ బకెట్లో ప్రయోగాలు చేద్దామనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ రాష్ట్రం మనది. అందుకే ఈ విషయం మాట్లాడేటప్పుడు మన ఇళ్ళలో గొంతు తగ్గుతుంది. తగ్గాల్సిందే కూడా.

మరి ఎందుకు రాస్తున్నట్టు? బీరు కాచడం నేరం గానీ బీరు లెక్క కట్టడం నేరం కాదు కాబట్టి. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి ఏడాదీ మన సీనియర్లు ఎం.ఎస్. అని అమెరికా వెళ్తున్నారు. అక్కడ 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంటి వాడకానికి బీరు కాచుకోవడం ఫెడరల్ స్థాయిలో చట్టబద్ధమైంది. పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు పరిమితి. మా పెద్దమ్మ కొడుకు అక్కడే ఉద్యోగం చేస్తూ వీకెండ్లలో గ్యారేజీలో కాస్తుంటాడు. పోయిన సంక్రాంతికి ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు సి.ఎస్.ఈ. కదా, రెసిపీ డిజైన్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చూసి చెప్పు" అన్నాడు. బీరు రుచి తెలియనివాడిని అడిగాడు. కానీ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి రుచి తెలియనక్కర్లేదని నాలుగు వారాలు వాటితో కుస్తీ పట్టాక నమ్మకం కుదిరింది.

ఈ సాఫ్ట్‌వేర్లు చేసే పని ఇదీ. ఎన్ని కేజీల మొలక ధాన్యం, ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎన్ని గ్రాముల హాప్స్, ఎంతసేపు మరిగిస్తావు, ఏ ఈస్ట్ అని అడుగుతాయి. తీపి ఎంత వస్తుంది, చేదు ఎంత, రంగు ఎలా ఉంటుంది, చివరికి ఆల్కహాల్ ఎంత అని చెప్తాయి. బీర్‌స్మిత్, బ్రూఫాదర్, బ్రూవర్స్ ఫ్రెండ్, బ్రూటార్గెట్ అని పేరున్నవి నాలుగైదు ఉన్నాయి. రివ్యూలన్నీ స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నాయి, ఫోన్లో వస్తుందా, టైమర్ మోగుతుందా అనే దగ్గరే ఆగిపోతాయి. నా దృష్టిలో అవన్నీ పెళ్ళిచూపుల్లో చీర రంగు చూసినట్టు. అడగాల్సిన ప్రశ్నలు రెండే. లెక్క ఎలా కట్టావో చూపిస్తావా? మా ఊరి సరుకు ఇస్తే తీసుకుంటావా?

మొదటి ప్రశ్న ఎందుకో ఒక ఉదాహరణతో చెప్తాను. 20 లీటర్లు, గ్రావిటీ 1.050, 6 శాతం ఆల్ఫా ఆమ్లం ఉన్న హాప్స్ 30 గ్రాములు, 60 నిమిషాలు మరిగింపు. చేదు ఎంత? టిన్సెత్ అనే ఆయన సూత్రంతో కడితే 21 దాకా వస్తుంది. రేగర్ సూత్రంతో కడితే 28కి దగ్గరగా వస్తుంది. అదే కుండ, అవే హాప్స్, మూడో వంతు తేడా! రెండూ వాడుకలో ఉన్న సూత్రాలే. ఏది వాడుతున్నావన్న సంగతి మాత్రం ఎక్కడో సెట్టింగ్స్ లోపల ఉంటుంది. ఒకడు ఒక సాఫ్ట్‌వేర్‌లో రాసిన రెసిపీ నంబర్లు చూసి ఇంకొకడు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అదే నంబరు తెచ్చుకుందామని హాప్స్ పెంచుతాడు, తగ్గిస్తాడు. తర్వాత "నీ రెసిపీ చేదు" అని ఇద్దరూ గొడవ. ల్యాబ్ రికార్డులో ఫార్ములా రాయకుండా ఆన్సర్ మాత్రం రాస్తే మన సార్ రెడ్ ఇంకుతో గీత కొడతాడు. వేలమంది వాడే సాఫ్ట్‌వేర్‌ని మాత్రం ఆ మాట అడగం.

ఇక రెండో ప్రశ్న. మాది చిలమత్తూరు మండలం. హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దాటితే బాగేపల్లి, అంటే కర్ణాటక. అక్కడినుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. ఆ ఊళ్ళో 2010 నుంచి టాయిట్ లాంటి బ్రూపబ్‌లు లైసెన్సుతో అక్కడికక్కడే కాచి పోస్తున్నాయి. వాటి దగ్గరికి వచ్చే ముఖ్య ధాన్యం బార్లీ. మా పొలాల్లో పండేది వేరుశనగ, రాగి. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి ముద్ద. అన్న అమెరికాలో ఉన్నా నోరు మాత్రం చిలమత్తూరుదే. అందుకే వాడి కోరిక రాగి బీరు. ఇదేం వింత కాదు. సిక్కింలో, నేపాల్ కొండల్లో తోంగ్బా అని తాగేది రాగితోనే.

నేను ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ధాన్యాల జాబితా తెరిచి వెతికాను. బార్లీ మాల్టులు కుప్పలు తెప్పలు. జర్మనీది, బెల్జియంది, కాల్చింది, మాడ్చింది. గోధుమ, ఓట్లు, రై. నేను చూసిన జాబితాల్లో రాగి లేదు. లేకపోతే ఏం చేస్తాం? దగ్గరగా ఉన్నదేదో ఎంచుకుంటాం. అక్కడే ముంచుతుంది.

లెక్క చూడండి. మామూలు బార్లీ మాల్టు కేజీ ఒక లీటరు నీళ్ళకి దాదాపు 309 గ్రావిటీ పాయింట్ల సరుకు ఇవ్వగలదు. 70 శాతం రాబట్టగలిగితే, 5 కేజీలతో 20 లీటర్లకి 54 పాయింట్లు, అంటే 1.054. అందులో ముప్పాతిక భాగం ఈస్ట్ తినేస్తే ఆల్కహాల్ 5.3 శాతం. ఇప్పుడు మన రాగి మాల్టు 309 కాకుండా 250 మాత్రమే ఇస్తుందనుకుందాం. అనుకుందాం అనే అంటున్నాను, ఎందుకో చివర్లో చెప్తాను. అప్పుడు 44 పాయింట్లు, ఆల్కహాల్ 4.3 శాతం. స్క్రీన్ మీద 5.3, కుండలో 4.3. ఇంకా తమాషా ఏమిటంటే 4 కేజీల బార్లీలో 1 కేజీ రాగి కలిపితే ఈ తేడా రెండు పాయింట్లే. అంత చిన్న తేడా ఎవరి కంటా పడదు. సాఫ్ట్‌వేర్ సరిగ్గానే చెప్పిందని సంబరపడి, మరుసటి నెల మొత్తం రాగితో మొదలుపెడతాం.

రాగికి ఇంకో రెండు గుణాలున్నాయి. గింజ ఆవగింజంత, పొట్టు ఉండదు. బార్లీలో పొట్టే జల్లెడలా పనిచేసి తియ్యటి నీళ్ళని కిందికి వదులుతుంది. రాగి పిండి మాత్రం సంగటిలా గట్టిపడి కూర్చుంటుంది. మా అమ్మకి ఈ సంగతి ఏ సాఫ్ట్‌వేరూ చెప్పనక్కర్లేదు. రెండోది, రాగిలోని పిండిపదార్థం ఉడకడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి. బార్లీకి సరిపోయే వేడి దగ్గరే ఆగిపోతే ఆ పిండిలో కొంత పిండిగానే మిగిలిపోతుంది. ఈ రెండూ 'రాబడి శాతం' అనే ఒక్క గడిలోకి వచ్చి పడతాయి. ఆ గడి మనం మార్చుకోగలగాలి. ధాన్యం ధాన్యానికీ వేరుగా మార్చుకోగలిగితే ఇంకా మంచిది.

నీళ్ళ కథ ఇంకొకటి. పిల్‌సెన్, బర్టన్, డబ్లిన్, మ్యూనిక్ నీళ్ళ లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉంటాయి. చిలమత్తూరు బోరు నీళ్ళు ఉండవు కదా. ఉమ్మడి అనంతపురం జిల్లాలో బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినం, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా. కానీ ఇక్కడ మనం చేతులెత్తేయనక్కర్లేదు. ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఇ.డి.టి.ఎ. టైట్రేషన్ చేశాం, వైన్ రెడ్ నుంచి నీలం రంగుకి తిరిగేదాకా చుక్కలు లెక్కపెట్టాం. అదే ఇది. కాల్షియం కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కలో వచ్చిందా, 0.4తో గుణిస్తే కాల్షియం. ఆల్కలినిటీని 1.22తో గుణిస్తే బైకార్బొనేట్. ఆ ఎక్స్‌పెరిమెంట్ ఎందుకు చేయిస్తున్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అయింది.

ఎత్తు సంగతి కూడా అంతే. హిందూపురం సముద్ర మట్టానికి 621 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్ళు మరిగేది 98 డిగ్రీల దగ్గర. వేడి తగ్గితే హాప్స్ చేదు కూడా తక్కువ దిగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఊరి ఎత్తు ఇవ్వడానికి గడి ఉంది, కొన్నింట్లో లేదు. అన్న ఉండేది సముద్రం ఒడ్డున, వాడికి అక్కర్లేదు. డెన్వర్‌లో ఉండే తెలుగువాళ్ళకి మాత్రం కచ్చితంగా కావాలి.

ఇవన్నీ పక్కన పెట్టినా నన్ను భయపెట్టింది వేరే. అన్న ఇంతకు ముందు వాడిన ఒక యాప్, పేరెందుకులెండి, చందా ఆపేసిన నెల పాత రెసిపీలు తెరవనివ్వలేదు. మూడేళ్ళ నోట్సు. ఏ బ్యాచ్ పులిసింది, ఏది బాగా వచ్చింది, ఏ ఎండాకాలంలో ఈస్ట్ అలిగింది, అన్నీ అందులోనే. రెసిపీలకి బీర్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అని ఒక ఉమ్మడి ఫార్మాట్ ఉంది, తర్వాత బీర్‌జేసన్ కూడా వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్‌లో రాసింది ఇంకోదాంట్లో తెరవడానికే అవి. అందులోకి మార్చి బయటికి తీసుకునే దారి ఉందో లేదో మొదటిరోజే చూసుకోవాలి. చూసుకుంటే సరిపోదు, ఒక రెసిపీ తీసి ఇంకోచోట తెరిచి చూడాలి. ధాన్యాలు వస్తాయి గానీ నోట్సు రాకపోవచ్చు.

ఇక నా ఓటు. వాడడానికి సుఖం అంటే బ్రూఫాదర్ సుఖమే. ఫోన్, ల్యాప్‌టాప్ ఎక్కడైనా ఒకేలా వస్తుంది. కానీ ఉచిత ఖాతాలో దాచుకునే రెసిపీలకి పరిమితి ఉంది. బీర్‌స్మిత్ పాతకాపు, లోపల లేనిదంటూ లేదు, అదే దాని ఇబ్బంది కూడా. మెనూలో మెనూ. వారం వారం కాచేవాడికి, డబ్బు పెట్టగలిగేవాడికి ఈ రెండింట్లో ఏదైనా సరే, నేను కాదనను. మనలాంటివాళ్ళకి మాత్రం, రాగిలాంటి పిచ్చి ఉన్న మా అన్నకి కూడా, నేను బ్రూటార్గెట్ అనే చెప్పాను. మొహం పాతకాలపు విండోస్ ప్రోగ్రాములా ఉంటుంది. ఫోన్లో రాదు. అయినా ఉచితం, ఓపెన్ సోర్స్, సి ప్లస్ ప్లస్‌లో రాశారు. టిన్సెత్ సూత్రం ఎక్కడుందో కోడ్‌లో వెతికి చూశాను, పుస్తకంలో ఉన్నట్టే ఉంది. రెసిపీలన్నీ ఎస్‌క్యూలైట్ ఫైల్‌గా మన కంప్యూటర్లోనే ఉంటాయి. కంపెనీ మూతపడినా, చందా ఆగినా ఆ ఫైల్ మనదే. రాగి అంటే ఒక కొత్త వరుస చేర్చడమే. డి.బి.ఎమ్.ఎస్. ల్యాబ్‌లో ఉద్యోగుల పట్టికకి వరుసలు చేర్చి చేర్చి విసిగిపోయినవాళ్ళకి ఇది కాస్త ఆటవిడుపు.

అన్నకి ఇది నచ్చలేదనుకోండి. "ఫోన్లో రానిది ఎవడు వాడతాడ్రా" అన్నాడు. గ్యారేజీలో తడి చేతులతో ల్యాప్‌టాప్ తెరవడం కష్టమే, ఒప్పుకుంటాను. రెసిపీ ల్యాప్‌టాప్‌లో రాసి, కాచే రోజు కాగితం మీద ప్రింటు గోడకి అంటించుకోమన్నాను. ప్రస్తుతానికి సంధి అక్కడ కుదిరింది.

మిగిలింది ఆ 250. కొత్త వరుస చేర్చాక 'రాబడి' గడిలో ఏం రాయాలి? అది ఊహించి రాసిన అంకె. అసలు అంకె కొలవొచ్చు, దానికి ఈస్ట్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు, ఎందుకంటే అది రాగి జావ కాచడం లాంటిదే. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, నీడన ఆరబెట్టి విసరాలి. పెనం మీద వేయించకూడదు, వేయిస్తే పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు చచ్చిపోతాయి. అంగట్లో 'రాగి మాల్ట్' అని అమ్మే ప్యాకెట్ ఇందుకు పనికి రాకపోవచ్చు, వాటిలో కొన్ని మొలక లేని ఉత్త పిండే కావచ్చు. మొలకపిండి 200 గ్రాములు గోరువెచ్చని నీళ్ళలో కలిపి 65 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. గుడ్డలో వడకట్టి, నీళ్ళతో సరిగ్గా 1 లీటరు చేసి, హైడ్రోమీటర్ వదలాలి. 1.040 చూపిస్తే 40ని 0.2తో భాగించండి, 200. హైడ్రోమీటర్ 20 డిగ్రీలకి కొలత పెట్టినదైతే, 35 డిగ్రీల గదిలో సుమారు 4 పాయింట్లు తక్కువ చూపిస్తుంది, అది కలపాలి. ఇదే పని 65 దగ్గర ఒకసారి, ముందు పిండిని బాగా ఉడికించి చల్లార్చి కాస్త పచ్చి మొలకపిండి కలిపి ఇంకోసారి చేస్తే, ఉడకని పిండి ఎంత మిగిలిపోతోందో కూడా తెలుస్తుంది.

ఈ.సి.ఈ. వాళ్ళు ఇందులోకి రావాలనుకుంటే ఐస్పిండెల్ అని ఒకటుంది. ఈ.ఎస్.పి. 8266 బోర్డు, ఒక గైరో సెన్సర్, సీసాలో పెట్టి వదిలితే తేలుతూ వంగే కోణాన్ని బట్టి గ్రావిటీ చెప్తుంది. చక్కెర నీళ్ళలోనే క్యాలిబ్రేట్ చేయొచ్చు.

మా ఇంట్లో పోయిన పంట రాగులు ఒక బస్తా ఉన్నాయి. దసరా సెలవుల తర్వాత 5 కేజీలు తెస్తాను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో హైడ్రోమీటర్, వాటర్ బాత్ వాడుకోవడానికి సార్ సరేనన్నారు, వడకట్టిన నీళ్ళు అదే రోజు పారబోయాలన్న షరతు మీద. వచ్చే అంకెలు బ్రూటార్గెట్ డేటాబేస్‌లో ఒక వరుసగా, బీర్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌గా క్లబ్ డ్రైవ్‌లో పెడతాం. కొర్ర, సజ్జ తెచ్చేవాళ్ళుంటే గుడ్డ, జల్లెడ మీరే తెచ్చుకోండి. మా దగ్గర ఒక్కటే ఉంది.