ముసలి కుక్కకు కొత్త ఇల్లు

ఈ వారం వచ్చిన జాబుల్లో దువ్వాడ నుంచి ఒక సోదరి వ్రాసినదాన్ని ముందుగా తీసుకుంటున్నాను. ఇలాంటి చిక్కు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉండి ఉంటుంది గనుక కొంచెం వివరంగానే జవాబు చెబుతాను. ఆమె ఇలా వ్రాశారు:

"మావారు ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేసి ప్రస్తుతం దువ్వాడలో అద్దెకుంటున్నాం. మూడు నెలల్లో హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోవాలి. మా టైగరుకు పదేళ్ళు. జాతికుక్క కాదు, నాటుదే. కాలవ పక్కన పసికూనగా దొరికితే తెచ్చి పెంచాం. ఇప్పుడు ఒక కన్ను తెల్లబడింది, మెట్లెక్కలేదు. అబ్బాయిది మూడో అంతస్తు ఫ్లాటు. అక్కడి సంఘంవాళ్ళు కుక్కల్ని రానివ్వరట. ఇక్కడ ఎవరినడిగినా 'పిల్లయితే తీసుకుందుం గాని ముసలిదాన్ని ఏం చేసుకుంటాం?' అంటున్నారు. సబ్బవరం దాటాక ఏదో ఒక ఊరి దగ్గర దింపేసి వస్తే ఎలాగో బతుకుతుందని చుట్టాల సలహా. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదు. ఏం చెయ్యమంటారు?"

సోదరీ, ముందుగా ఆ చివరి సలహా సంగతి తేల్చేద్దాం. అది మాత్రం చెయ్యకండి. ఊరికుక్కలకు వీధివీధికీ సరిహద్దులుంటాయి. కొత్తది అడుగు పెడితే అవి ఊరుకోవు. అందులోనూ పదేళ్ళు ఇంట్లో వేళకు అన్నం తిన్న కుక్క, ఒక కన్ను సరిగా లేనిది, వాటితో పోట్లాడి గెలవనూ లేదు, పారిపోనూ లేదు. అది మీ బండి పోయిన దారినే చూస్తూ రోడ్డు మీదనే ఉండిపోతుంది. ఆ తర్వాత ఏమవుతుందో నేను వ్రాయనక్కరలేదు. "ఎలాగో బతుకుతుంది" అన్నమాట మన మనసుకు చెప్పుకునే సర్దుబాటే గాని కుక్కకు ఆసరా కాదు. పదేళ్ళు వాకిలి కాయించుకుని ఇప్పుడు దింపి రావడమంటే ఏరు దాటి తెప్ప తగలేసినట్టే అవుతుంది.

ఇది చట్టరీత్యా కూడా నేరమేనని మీ చుట్టాలకు చెప్పండి. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి మాట్లాడిన ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును తగిన కారణం లేకుండా వదిలిపెట్టడం ఆ చట్టం 11వ సెక్షను ప్రకారం హింస కిందికే వస్తుంది. ఆనాడు మొదటి తప్పుకు పెట్టిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు మాత్రమే. జరిమానా చిన్నదయినంత మాత్రాన తప్పు చిన్నది కాదు.

ఇక అసలు విషయం. కుక్కను ఇచ్చెయ్యక తప్పదా అన్నది మొదటి ప్రశ్న. ఎవరికివ్వాలి అన్నది దాని తర్వాత రావాలి. మీ జాబులో చెప్పిన అడ్డంకులు రెండు. ఒకటి సంఘం, రెండోది మెట్లు.

సంఘం మాటకొస్తే, కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. ఫ్లాట్లలో పెంపుడు కుక్కలు ఉండకూడదని సంఘంవాళ్ళు తీర్మానం చెయ్యడానికి వీల్లేదు. సభ్యులంతా ఒక్కమాట మీదున్నా సరే, కుదరదు. లిఫ్టు వాడుకోనివ్వం అనడానికీ లేదు. అయితే కుక్క గలవారికీ బాధ్యతలున్నాయి. టీకాలు వేయించాలి, బయటికి తీసుకువెళ్ళినప్పుడు గొలుసు వెయ్యాలి, అది చేసిన అశుభ్రం తామే ఎత్తిపొయ్యాలి. మీ అబ్బాయి ఆ కాగితం పట్టుకుని వెళ్ళి సంఘం కార్యదర్శితో నెమ్మదిగా మాట్లాడితే పని కావచ్చు. లిఫ్టు ఉంటే మెట్ల బాధ కూడా దానితోనే తీరిపోతుంది.

కంటి సంగతి, కాళ్ళ సంగతి పశువైద్యునికి చూపించారా? ముసలి కుక్కల కళ్ళు తెల్లబడగానే శుక్లమే అనుకోనక్కరలేదు. వయసుతో కంటిలోని కటకం గట్టిపడి నీలితెలుపుగా కనిపించడం మామూలే. దానివల్ల చూపు అంతగా పోదు. ఏది ఏమిటో డాక్టరు చూసి చెబుతారు. మెట్లెక్కలేకపోవడం తరచుగా కీళ్ళనొప్పుల వల్ల వస్తుంది. దానికి మందులున్నాయి. కాస్త బరువు తగ్గించినా సుఖపడుతుంది. కాని మనం వాడే నొప్పి మాత్రలు మాత్రం దానికి వెయ్యకండి. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటివి కుక్కలకు ప్రాణం మీదికి తెస్తాయి.

ప్రయాణం గురించి కూడా చెప్పాలి. రైలులో మొదటి తరగతి ఏ.సి. పెట్టెలో రెండు బెర్తుల కూపే గాని నాలుగు బెర్తుల క్యాబిను గాని మొత్తం మీదే అయితే కుక్కను మీతో ఉంచుకోవచ్చు. లేకపోతే గార్డు పెట్టెలోని గూటిలో పంపాలి. రాత్రంతా ఆ చప్పుడులో ఒంటరిగా ఉండడం ముసలిదానికి కష్టం. ఎలా వెళ్ళినా టీకా పుస్తకం, బయలుదేరే ముందు డాక్టరు ఇచ్చిన ఆరోగ్యపత్రం దగ్గరుండాలి. దువ్వాడలో రైళ్ళు ఆగేది కొద్దిసేపే. కనుక ఈ ఏర్పాట్లన్నీ విశాఖపట్నం స్టేషనులోని పార్శిలు ఆఫీసులో ముందుగానే చూసుకోవడం మేలు.

ఇవన్నీ ఆలోచించాక కూడా కుదరదని తేలవచ్చు. కోడలికి కుక్క బొచ్చుతో ఉబ్బసం రావచ్చు, మీవారి ఆరోగ్యం సరిగా ఉండకపోవచ్చు, అబ్బాయికి ఇష్టం లేకపోవచ్చు. ఇంకొకరి ఇంట్లో ఉండబోయేవాళ్ళకు పట్టుబట్టే వీలు ఎంతవరకుంటుందో నాకు తెలుసు. అప్పుడు మంచి ఇల్లు చూసి ఇవ్వడం తప్పేమీ కాదు. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు. ఆ ప్రాంతంలో ఇల్లూ వాకిలీ మారడం అంటే ఏమిటో మనుషులకే బాగా తెలుసు. 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగాక భూములిచ్చిన ఊళ్ళవాళ్ళు గాజువాక, అగనంపూడి చుట్టుపక్కల పునరావాస కాలనీలకు తరలి మళ్ళీ బతుకు మొదలుపెట్టారు. కొత్తచోట ఎవరైనా ఆదరించి ఒక ముద్ద పెడితే మనిషికెంతో జంతువుకూ అంతే.

మీకు మూడు నెలల గడువుంది. అది చాలు. కాని ఇవాళే మొదలుపెట్టాలి.

మొదట కుక్కను సిద్ధం చెయ్యండి. పిచ్చికుక్క వ్యాధి రాకుండా వేసే టీకాతో సహా అన్నీ వేయించి పుస్తకంలో వ్రాయించండి. సంతానం కలగకుండా ఆపరేషను కాకపోయి ఉంటే ఈ వయసులో చేయించవచ్చో లేదో డాక్టరునే అడగండి. పళ్ళు, మూత్రపిండాలు పరీక్ష చేయించండి. ఆరోగ్యం ఎలా ఉన్నదీ కాగితం మీద ఉంటే తీసుకునేవారికి సగం భయం తీరుతుంది.

తర్వాత ఒక కాగితం మీద దాని సంగతులన్నీ ఉన్నవి ఉన్నట్టు వ్రాయండి. ఏ వేళకు ఏం తింటుంది, పిల్లలతో ఎలా ఉంటుంది, పిల్లిని చూస్తే తరుముతుందా, దీపావళి టపాకాయలకు ఎక్కడ దాక్కుంటుంది, ఏ మాట చెబితే వింటుంది, అన్నీ ఉండాలి. లోపాలు దాచకండి. ఎప్పుడైనా ఎవరినైనా కరిచి ఉంటే అదీ చెప్పాలి. దాచి ఇచ్చిన కుక్క నెలలోపలే తిరిగి వస్తుంది, లేదా వీధిలో పడుతుంది.

ఇక ఎవరినడగాలి? పసిపిల్లలున్న ఇంటివారు ఎక్కువగా కుక్కపిల్లనే కోరతారు. వారిని వదిలెయ్యండి. మీరు వెతకవలసింది మీలాంటివారినే. ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై కూర్మన్నపాలెం, అగనంపూడి, దువ్వాడ వైపు సొంత ఇళ్ళు కట్టుకుని స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. వాళ్ళ పిల్లలు దూరదేశాల్లో ఉంటారు. ఇంటి ముందు నాలుగడుగుల జాగా ఉంటుంది. రోజూ పొద్దున్నే నడకకు వెళతారు. అటువంటివారికి కుక్కపిల్ల పెంపకం కష్టం. అది చెప్పులు కొరుకుతుంది, రాత్రి ఏడుస్తుంది, ఇల్లంతా తడుపుతుంది. పదేళ్ళ కుక్కకు ఆ అల్లరి ఉండదు. ఎక్కడ మలమూత్రాలు విడవాలో దానికి నేర్పనక్కరలేదు. వాళ్ళ నడకకు సరిపోయే నడకే దానిదీ. ఇంకో లెక్క కూడా ఉంది. కుక్కలు ఏడెనిమిదేళ్ళకే పెద్దవయసులో పడతాయి గాని, నాటుకుక్కలు బాగా చూసుకుంటే పన్నెండు, పదిహేనేళ్ళ దాకా బతుకుతాయి. అరవై అయిదేళ్ళాయన కుక్కపిల్లను తెచ్చుకుంటే చివరకు దాన్నెవరు చూస్తారన్న బెంగ ఉంటుంది. పదేళ్ళదాన్ని తెచ్చుకుంటే ఆ బెంగ తక్కువ. అడిగేటప్పుడు ఈ మాటలన్నీ చెప్పండి. జాలిపడి తీసుకోమని బతిమాలడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

నడకకు వచ్చేవాళ్ళకు, గుడిలో కలిసేవాళ్ళకు, పాలు పోసేవాళ్ళకు, మీ టైగరుకు సూదివేసే డాక్టరుగారికి చెప్పి ఉంచండి. డాక్టర్లకు చాలా ఇళ్ళ సంగతులు తెలుస్తాయి. ఈమధ్యనే తమ కుక్క పోయిన ఇల్లేదో వారే చెప్పగలరు. ముక్కూ మొహమూ తెలియనివాళ్ళు ఫోనులో ప్రకటన చూసి "ఉచితమే కదా, ఇప్పుడే వస్తాం" అంటే మాత్రం పంపకండి. ముందు మీరు వెళ్ళి వాళ్ళ ఇల్లు చూడండి. రోజంతా గొలుసుతో కట్టేస్తారా, ఎండావానలకు నీడ ఎక్కడ, ఊరికి వెళితే ఎవరు చూస్తారు అని అడగండి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఆయన సరేనని ఆవిడ మొహం ముడుచుకుంటే ఆ ఇల్లు వద్దు.

ఒప్పగించడం ఒక్కరోజులో చెయ్యకండి. మొదట వాళ్ళను మీ ఇంటికి రమ్మనండి. తర్వాత కుక్కను వాళ్ళింటికి రెండుమూడుసార్లు తీసుకువెళ్ళి ఒక పూట ఉంచి రండి. ఆ పైన పదిహేను రోజులు పరీక్షగా ఉంచండి. కుదరకపోతే వెనక్కి తెచ్చుకుంటామని మాటివ్వండి. అందుకే మీ ప్రయాణానికి నెలరోజులైనా ముందే ఇది జరగాలంటున్నాను. అది పడుకునే గోనె, తినే గిన్నె ఉతక్కుండా, మార్చకుండా దానితోనే పంపండి. ఆ వాసన దానికి ధైర్యం. కొన్నాళ్ళు మీరు పెట్టే తిండే పెట్టమని చెప్పండి. మొదటి రెండుమూడు రోజులు సరిగా తినకపోవచ్చు, మూల చేరవచ్చు. మూడు వారాలకు ఆ ఇంటి వేళలు తెలుస్తాయి. మూడు నెలలకు గాని అది తన ఇల్లని అనుకోదు. ఈ లెక్క తెలిస్తే తీసుకున్నవారు కంగారుపడరు. గేటు మాత్రం జాగ్రత్తగా వేసి ఉంచమనండి. మొదటి వారాల్లోనే పాత ఇల్లు వెతుక్కుంటూ పారిపోతాయి. మెడపట్టీ మీద కొత్తవారి ఫోను నంబరు ఉండాలి. మందులకయ్యే ఖర్చు కొంతకాలం మీరే పంపుతామంటే వాళ్ళకూ భారముండదు, మీకూ తృప్తిగా ఉంటుంది.

ఎవరూ దొరక్కపోతే? విశాఖలో 1996 నుంచి పనిచేస్తున్న జంతుసంరక్షణ సంఘం వి.ఎస్.పి.సి.ఎ. ఉంది. హైదరాబాదులో అక్కినేని నాగార్జునగారు, అమలగారు 1992లో స్థాపించిన బ్లూక్రాస్ ఉంది. వారిని సలహా అడగండి. కాని ఏ ఆశ్రమమైనా చివరి దారిగానే పెట్టుకోవాలి. లండనులో మేరీ టీల్బీ అనే ఆవిడ 1860లో దిక్కులేని కుక్కలకు ఆశ్రయం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ ఆశ్రమాలన్నిటి కష్టమూ ఒక్కటే. వచ్చేవి ఎక్కువ, ఇంటికి తీసుకువెళ్ళేవారు తక్కువ. గాయపడినవాటికీ, రోగాలతో ఉన్నవాటికీ అక్కడ చోటు కావాలి. ఒక్క ఇంటి మనుషులకు అలవాటుపడిన ముసలి కుక్క అంత సందడిలో బెంగపెట్టుకుంటుంది.

సూది వేయించి నిద్రపుచ్చమని కూడా మీకెవరో ఒకరు చెప్పే ఉంటారు. మానని జబ్బుతో, తగ్గని నొప్పితో ఉన్న ప్రాణికి డాక్టరు ఆ మాట చెబితే అది దయే. తిని తిరుగుతున్న కుక్కకు, మనం ఇల్లు మారుతున్నామన్న కారణంతో ఆ పని చెయ్యడం న్యాయం కాదు.

ఇతర పెంపుడు ప్రాణులున్నవారికి రెండు ముక్కలు. పంజరంలో రామచిలుక ఉన్నా, తొట్టిలో నక్షత్ర తాబేలు ఉన్నా ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. వాటిని ఇంట్లో ఉంచుకోవడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధం. అటవీశాఖవారికి అప్పగించాలి. ఏళ్ళ తరబడి పంజరంలో ఉన్న చిలుకను పుణ్యమని ఎగరవేస్తే అది తిండి వెతుక్కోలేదు. చెవి దగ్గర ఎర్రచార ఉండే చిన్న తాబేళ్ళను అక్వేరియం కోసం కొంటారు. అవి అమెరికావి. పెరిగిపోయాయని వాటిని మేఘాద్రిగెడ్డలోనో ఊరి చెరువులోనో వదిలితే మన తాబేళ్ళ తిండి, చోటు అవి లాక్కుంటాయి. పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వడమే మేలు.

మన భారతం ఒక కుక్కతో మొదలై ఒక కుక్కతో ముగుస్తుందని పెద్దలు గుర్తుచేస్తుంటారు. చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క అందరికీ తెలుసు. మొదట్లో వచ్చే సరమ కథ అంతగా ఎవరూ చెప్పుకోరు. జనమేజయుని తమ్ముళ్ళు ఏ తప్పూ చెయ్యని ఆమె బిడ్డను కొట్టి తరిమితే, ఆ దేవశునకం రాజు యాగం చేస్తున్న చోటికి వచ్చి ఇది యుక్తమా అయుక్తమా అని అడుగుతుంది. సమాధానం చెప్పలేక ఆ రాజు తలవంచుకోవలసి వచ్చింది.

సోదరీ, మీరు రేపు ఉదయమే డాక్టరు దగ్గరికి టైగరును తీసుకువెళ్ళండి. ఆ సాయంత్రమే అబ్బాయికి సంఘం సంగతి వ్రాయండి. రెండింటి ఫలితం తెలిశాక, ఇవ్వవలసే వస్తే, నేను చెప్పిన వరసలో వెతకండి. ఇక ఈ శీర్షిక చదువుతున్న పెద్దవారికి ఒక మనవి. ఇంట్లో పిల్లలెవరూ లేక పొద్దుపోని దంపతులు కుక్కను తెచ్చుకోవాలనుకుంటే, దుకాణంలో పిల్లను బేరమాడే ముందు మీ వీధిలో ఎవరైనా బదిలీ మీదో రిటైరయ్యో ఇల్లు మారుతున్నారేమో ఒకసారి కనుక్కోండి.