బొక్కసమునకు పన్ను – బాలురకు వాంతి

గంజాయి నిరపాయకరమైన మూలిక యనియు, పైపెచ్చు వాంతులకు మందనియు బోధించు పెద్దమనుష్యులు నేడు కొల్లలుగా నున్నారు. రెండవ మాటలో కొంత నిజము లేకపోలేదు. కేన్సరు చికిత్సవలన గలుగు వాంతులను అందలి ద్రవ్యము అణచును. అయితే నిత్యసేవనమువలన ఆ గంజాయియే ఆపరాని వాంతులను పుట్టించునను సంగతి వీరి నోట వెలువడదు.

దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆడిలైడు ప్రాంతపు వైద్యులు ఈ జాడ్యమును 2004లో మొట్టమొదట వర్ణించిరి. చిరకాలము గంజాయి త్రాగినవారికి వికారము, కడుపునొప్పి, ఎడతెగని వాంతులు వచ్చును, తగ్గును, మరల వచ్చును. వేడినీళ్లు పోసికొన్నంతసేపే ప్రాణము కుదుటబడును. సామాన్యపు వాంతి మందులు పలుమారు పనిచేయవు. శరీరమందలి నీరింకి మూత్రపిండములు చెడినవారును గలరు. మానుటయే చికిత్స. కుర్రవాడో, గంజాయి వాంతి కట్టునని విన్నవాడు గనుక, మరియొక దమ్ము లాగును!

అమెరికాలోని కొలరాడో రాష్ట్రము 2014 జనవరి మొదలు గంజాయిని అంగళ్లలో అమ్మించి పన్ను పుచ్చుకొనుచున్నది. 21 ఏండ్లు నిండనివారికి అమ్మరాదను శాసనము గోడకు వ్రేలాడుచున్నది. సరకు పదారేండ్లవాని జేబులో నున్నది. ఆ దేశమున పోలీసులు పట్టిన గంజాయిలో మత్తుగొలుపు ద్రవ్యము 1995లో నూటికి 4 పాళ్లుండగా 2014 నాటికి 12 పాళ్లయ్యెను. అంగడి సారములలో 60 పాళ్లకు మించినవియు గలవు. దీనిని మూలిక యనుట సారాయిని చెరకురస మనుటవంటిది.

ఈ వ్యాపారము మనకు క్రొత్త కాదు. ఆంగ్ల ప్రభుత్వము గంజాయిపై సుంకము తీసెను. 1893లో అది నియమించిన సంఘము మితసేవనమున హాని లేదనియు, నిషేధింపక పన్ను వేయుటయే మేలనియు మరుసటి యేట తేల్చెను. ఆ నివేదికను నేటికిని ప్రమాణముగా జూపువారు, ఆనాడు ఈ సారములును లేవు, ఈ రోగమును ఎవరును గుర్తింపలేదు అని మాత్రము చెప్పరు.

మన దేశమున 1985 చట్టము గంజాయిని నిషేధించినది. విశాఖ మన్యపు సరకు పట్టణములకు చేరుచునే యున్నది. వాంతులతో మంచమెక్కిన బాలుడు ఒక ప్రక్క చట్టమునకును, మరియొక ప్రక్క తండ్రి చేతికర్రకును వెఱచి నోరు మెదపడు. గొంతులో గొట్టములు దించుదురు, స్కానులు తీయుదురు. అంతయు సరిగానే యున్నదని యింటికి పంపుదురు. చిన్న మోతాదుతో దొరికిన వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపుగల చికిత్సాలయమున తనంత తాను చేరినచో అభియోగమునుండి తప్పించు 64ఎ సెక్షను ఆ చట్టముననే యున్నది. ఎందరు తండ్రులెరుగుదురు?

వైద్యులు తండ్రిని వెలుపలికి పంపి, బాలుని ఒంటిగా కూర్చుండబెట్టి యడుగవలెనని మేము కోరుచున్నాము. దినమునకు ఎన్నిమార్లు వేడినీళ్లు పోసికొనుచున్నావని యడుగుటకు యంత్ర మక్కరలేదు.