తుపాకీకి లైసెన్సు ఇచ్చేముందు ఇల్లాలిని అడగరా?

సైన్యం వాడి వదిలేసిన పాత రైఫిలు కొనేవాడు చాలా చూస్తాడు. గొట్టం లోపల తుప్పుందా, బోల్టు బిగువుగా పడుతోందా, గురి ఎటైనా లాగుతోందా అని నాలుగు తూటాలు కాల్చి మరీ చూస్తాడు. అది చేరబోయే ఇంటిని మాత్రం ఎవరూ పరీక్షించరు.

1963 మార్చిలో అమెరికాలో లీ హార్వీ ఆస్వాల్డ్ దొంగపేరుతో అలాంటి రైఫిలే పోస్టులో తెప్పించుకున్నాడు. ఇటలీ సైన్యానికి 1940లో తయారైన కార్కానో అది. టెలిస్కోపుతో కలిపి ధర 20 డాలర్ల లోపే. నవంబరు 22న అధ్యక్షుడు కెనడీని దానితోనే చంపాడని వారెన్ కమిషన్ తేల్చింది. అందరికీ తెలిసిన కథ ఇంతవరకే. అతను భార్య మెరీనాను కొట్టేవాడని కూడా ఆ కమిషన్ నివేదికలోనే ఉంది. తుపాకీ పట్టుకుని నిలబడితే ఫోటో తీసింది ఆమే. ఏప్రిల్‌లో ఒక మాజీ సైనికాధికారి మీద కాల్పులు జరిపి వచ్చిన రాత్రి ఆ సంగతీ ఆమెకు తెలిసింది. పరాయి దేశం, భాష రాదు, చంకలో ఒక బిడ్డ, కడుపులో ఇంకో బిడ్డ. ఎవరికి చెప్పుకుంటుంది?

మన దగ్గర తుపాకులు పోస్టులో రావు, నిజమే. సైన్యపు .303 తూటా పేలే రైఫిలుకు ఆంక్షలు వేరు. మామూలు లైసెన్సుదారుడికి దొరికేది ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేసే .315. చూడ్డానికి ఆ పాతదాని చెల్లెల్లాగే ఉంటుంది, .303 తూటా మాత్రం పట్టదు. జనం చేతికి సైన్యపు తూటా పోకూడదని తెల్లవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది. ఇక అడవిపందుల నుంచి పంట కాపాడుకోడానికి నిజంగా అవసరమైతే మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలనే 1959 ఆయుధాల చట్టం చెబుతోంది. రైతు కష్టం నేను కాదనను. కానీ పందుల మీదికని తెచ్చిన తుపాకీ రాత్రిపూట ఇంట్లోనే కదా ఉండేది! తాగివచ్చినవాడు దాన్ని పేల్చనక్కర్లేదు, గోడ వైపు చూస్తే చాలు. ఆ భయానికి డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వడు.

లైసెన్సు ఇచ్చేముందు పోలీసు రిపోర్టు తెప్పించుకుంటారు. హింస నేరంలో శిక్షపడినవాడికి కొంతకాలం ఇవ్వరు. ఇక్కడే ఉంది తిరకాసు. పాత 498ఎ, ఇప్పటి న్యాయ సంహిత 85 కింద పెట్టిన కేసులు ఎన్ని శిక్షదాకా వెళ్తాయో మనకు తెలియంది కాదు. పెద్దమనుషులు రాజీ చేస్తారు, అతను కాగితం మీద మంచివాడుగానే మిగులుతాడు.

కెనడాలో దరఖాస్తు మీద భార్య సంతకం ఉండాలి, లేకపోతే అధికారి ఆమెకు తెలియజేయాలి. మనకి సంతకం ఒక్కటీ పనికిరాదని నా అభిప్రాయం. బెదిరించి వేలిముద్ర వేయించుకోడానికి ఎంతసేపు? విచారణకు వచ్చిన పోలీసులు మగవాళ్ళు లేనప్పుడు ఇంట్లో ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాలి. దీనికి కొత్త చట్టమేం అక్కర్లేదు. ప్రజల భద్రతకు అవసరమనుకుంటే లైసెన్సు నిరాకరించే అధికారం 14వ సెక్షన్లో, రద్దు చేసే అధికారం 17లో ఉన్నాయి.

ఇంట్లో సంగతి మనకెందుకని సారా విషయంలోనూ అన్నారు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మా, తోటి ఆడవాళ్ళూ ఆ మాట వినలేదు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తుపాకీ లైసెన్సుకు మాత్రం ఆ ఇంటి ఆడదాని మాట నేటికీ అక్కర్లేకుండానే ఉంది. పైగా 2019 సవరణతో రెన్యువల్ మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. అంటే అడిగే అవకాశం ఇంకా తగ్గింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో పెట్టిస్తారు. అప్పుడు వీలైన పని, ఒక ఆడది ప్రాణభయంతో స్టేషను మెట్లెక్కినప్పుడు ఎందుకు వీలుకాదు?

మన దగ్గరికి వచ్చిన మనిషిని దెబ్బలెక్కడ తగిలాయని అడుగుతున్నాం. ఇంట్లో తుపాకీ ఉందా, ఎక్కడ పెడతాడు, ఎప్పుడైనా చూపించి బెదిరించాడా అని కూడా అడుగుదాం. చెప్పింది గృహహింస నివేదికలో రాయిద్దాం. మెజిస్ట్రేటు ఆదేశిస్తే హింసలో వాడిన ఆయుధాన్ని జప్తు చేయించడంలో రక్షణాధికారి సాయపడాలని 2006 నియమాలు చెబుతున్నాయి. ఆ ఆదేశం అడగాలి. లైసెన్సు రద్దు కోరుతూ కలెక్టరుకు ఇంకో అర్జీ పెట్టాలి. రసీదు తీసుకోవడం మరవొద్దు.