పండు ఈగ ఒకటి కాదు, బుట్ట కట్టే ముందు వీపు చూడండి

పై వీడియోలో రెండు ఈగలను పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకటి జామకాయలో నుంచి వచ్చింది, ఇంకోటి కాకరకాయలో నుంచి. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలాగుంటాయి, కానీ ఒకదాని ఎరకు ఇంకోటి రాదు. నేను చెప్పాలనుకున్నదంతా ఇదే.

హిందూపురం వైపు పట్టు రైతు ఉత్తినే "ఈగ పడింది" అనడు, "ఊజీ పడింది" అంటాడు. 1980లో అది కర్ణాటకలోకి వచ్చినప్పటి నుంచి మన రెండు వైపులా పట్టు రైతులు దాన్ని పేరు పెట్టి గుర్తుపడుతున్నారు. కాబట్టే షెడ్డుకు నైలాన్ వల కడతారు, ఊజీ ప్యూపాలను చంపే నెసోలింక్స్ పరాన్నజీవిని వదులుతారు. మామిడి, జామ, కాకర దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకు అన్నీ "పండు ఈగలే". డబ్బు పోయేది ఇక్కడే.

మామిడి, జామ మీద మన దేశంలో ఎక్కువగా కనిపించేవి మూడు: బ్యాక్ట్రోసెరా డోర్సాలిస్, జొనాటా, కరెక్టా. డోర్సాలిస్ రెక్క అంచున సన్నని నల్లగీత పూర్తిగా ఉంటుంది. మిగతా రెండింటికి రెక్క కొనన మచ్చే ఉంటుంది. ఈ మూడింటి మగ ఈగలూ మిథైల్ యూజినాల్‌కే వస్తాయి. మన తులసిలో ఉండే పదార్థమే అది. బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే శాస్త్రవేత్త 1915లోనే దీన్ని గుర్తించాడు.

కాకర, బీర, దోస మీద పడేది జ్యూగోడాకస్ కుకుర్బిటే. దీని మగ ఈగకు క్యూ లూర్ కావాలి. మిథైల్ యూజినాల్ ఎన్ని బుట్టల్లో పెట్టినా లాభం లేదు.

గుర్తుపట్టడం ఎట్లా? ఈగ వీపు చూడండి. రెండు పక్కలా పసుపు గీతలు మాత్రమే ఉంటే మామిడి, జామ గుంపు. వాటి మధ్యలో మూడో పసుపు గీత కూడా ఉంటే తీగజాతి కూరగాయల గుంపు. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే చాలు, తెలిసిపోతుంది.

"రైతుకు ఇంత సైన్సు ఎందుకన్నా?" అని కొందరంటారు. అంత అక్కర్లేదు, నిజమే. 2003లో కెన్యాలో దొరికిన ఈగను శాస్త్రవేత్తలు వేరే జాతి అనుకుని కొత్త పేరు పెట్టారు, 2015లో అదీ డోర్సాలిసే అని తేల్చారు. ఆ లోతుకు మనం పోవద్దు. ఎర మారే చోట మాత్రం తేడా తెలియాలి.

ఇది రసాయన రైతు కంటే మనకే ఎక్కువ అవసరం. ధర్మవరమైనా పెనుకొండైనా, ప్రకృతి సేద్యం అంటే ఒకే చేనులో నాలుగు పంటలు. గట్టున జామ, పందిరి మీద కాకర ఉంటే రెండు గుంపులూ వస్తాయి. కాయ లోపలికి పోయిన పురుగుకు నీమాస్త్రం తగలదు. ఎర తప్పయితే పంట పోతుంది, పైగా "ప్రకృతి సేద్యంలో ఇంతే" అనే మాట మన మీద పడుతుంది.

అనుమానముంటే పుచ్చిన కాయలను అడుగున ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టండి. రెండు మూడు వారాల్లో ఈగలు బయటికొస్తాయి. కుళ్లిన కాయ మీద ముసిరే ఎర్రకళ్ల చిన్న ఈగలు అసలు దొంగలు కావు, తర్వాత వచ్చినవి. తీగజాతి కాయల్లో డాకస్ సిలియేటస్ అనే ఇంకో ఈగ కూడా పుడుతుంది. అది రెండు ఎరలకూ రాదు. ఇంకొకటి, బుట్టలో పడేవి మగ ఈగలే, గుడ్లు పెట్టేది ఆడది. అందుకే ఏ ఈగైనా రాలిన, పుచ్చిన కాయలు ఏరి లోతుగా పూడ్చడం తప్పదు.

నా మాట ఒక్కటే. బుట్టలు అమ్మేవాళ్లు ఏ ఎర, ఏ పంటకు అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాయాలి. రాయకపోతే మనం అడగాలి. అడిగి, ఈగ వీపు చూసి, ఆ తర్వాతే డబ్బు తీయండి.