పశువులు కాసేవాళ్ళకు చదువు రాదా?

బళ్ళలో, హాస్టళ్ళలో ఒక తిట్టు ఉన్నది. లెక్క తప్పినా, పద్యం అప్పజెప్పకపోయినా "పోయి పశువులు కాసుకో" అంటరు. అంటే పశువులు కాయడం ఏమీ రానివాళ్ళ పని అని అర్థం. నేను ఈ మాట ఒప్పుకోను. ఎందుకో రాస్తున్నాను, చదివి మీరే చెప్పండి.

గుర్రాల జాతులు గుర్తుపట్టడం గొప్ప విద్య అని అందరూ అంటారు. క్విజ్‌లో కూడా అడుగుతారు. రాజస్థాన్ మార్వాడీ గుర్రానికి, గుజరాత్ కాఠియావాడీ గుర్రానికి చెవి కొనలు లోపలికి వంగి ఉంటాయి. లడఖ్‌లోని జంస్కారీ, హిమాచల్‌లోని స్పితి పొట్టి గుర్రాలు. చలి కొండల్లో బరువులు మోస్తాయి. రంగు ఒక్కటే చూసి జాతి చెప్పలేము, ఒకే జాతిలో చాలా రంగులు ఉంటాయి.

రంగు చెప్పడం కూడా తేలిక కాదు. ఒళ్ళు ఎర్రగోధుమగా ఉండి జూలు, తోక, కాళ్ళ కింది భాగం నల్లగా ఉంటే ఉర్దూలో కుమైత్ అంటారు. జూలు కూడా ఒంటి రంగులోనే ఉంటే అది వేరే రంగు కింద లెక్క. పెళ్ళి ఊరేగింపులో తెల్లగుర్రం కనిపిస్తే దాని ముక్కు దగ్గర చూడండి. తోలు గులాబీ రంగులో ఉంటే అది పుట్టు తెలుపు. తోలు నల్లగా ఉంటే, అది పుట్టినప్పుడు నలుపో ఎరుపో అయి ఉండి ఏండ్లు గడిచినకొద్దీ తెల్లబడింది. ఇవన్నీ ముందు కనిపెట్టింది ఎవరు? రోజూ గుర్రాలతో ఉన్నవాళ్ళే గదా!

మరి మన ఊళ్ళల్ల ఏం జరుగుతున్నది? పశువులు కాసే తాత మందలో ఒకటి తగ్గితే లెక్కపెట్టకుండానే చెప్తడు. "సెవలావు రాలే, నుదుట చుక్క ఉన్నది, ఎడమ కొమ్ము వంకర" అంటడు. ఎర్రావు, కర్రావు, మైలావు, పుల్లావు, బొల్లావు, పొడావు అని రంగు రంగుకూ పేరున్నది. మూపురం, గంగడోలు, కొమ్ము, గిట్ట చూసి ఏది బురదలో దున్నుతదో, ఏది గుట్ట ఎక్కుతదో చెప్తరు. బందెలదొడ్డిలో పడ్డ పశువును విడిపించుకోవాలన్నా ఈ గుర్తులే చెప్పాలి. గుర్రం సంగతి తెలిస్తే విద్య, ఆవు సంగతి తెలిస్తే తిట్టు. ఇదేం న్యాయం?

నల్లమల అడవిలో అమ్రాబాద్ దగ్గర పొడతూర్పు అనే పశువులున్నాయి. తెలుపు మీద గోధుమ మచ్చలు, లేకపోతే గోధుమ మీద తెల్ల మచ్చలు. మచ్చనే పొడ అంటారు. హర్యానాలోని కర్నాల్‌లో పశువుల జాతులను నమోదు చేసే జాతీయ సంస్థ ఉంది. పొడతూర్పును అది ప్రత్యేక జాతిగా గుర్తించింది. కాపరులు పెట్టుకున్న పేరే జాబితాలోకి ఎక్కింది. శబరి నది ఒడ్డున, ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో మోటు అనే ఊరు ఉంది. అక్కడి పొట్టి పశువులు ఎక్కువగా ఎర్రగోధుమ రంగువి. వాటిని కూడా మోటు జాతి అని రాశారు.

ఏ జాతి కిందకూ రాని పశువును మాత్రం జాతి లేనిది అని ఒకే గడిలో వేస్తారు. 2019లో జరిగిన 20వ పశుగణనలో కూడా అట్లాంటి గడి ఉన్నది. మన ఇండ్లల్ల ఉన్నవి చాలావరకు ఆ గడిలోవే. పేరు లేనిదాన్ని ఎవరు కాపాడతారు? సంకర జాతి వచ్చినంక, ట్రాక్టర్ వచ్చినంక అవి తగ్గిపోతే ఏవి పోయినయో కూడా తెలువది. తాతలు పోతే ఆ పేర్లు కూడా పోతాయి. ఎక్కడా రాసి లేవు గదా.

కాబట్టి నా కోరిక రెండు మాటలు. ఒకటి, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ పెద్దవాళ్ళను అడిగి పశువుల రంగుల పేర్లు, గుర్తులు నోట్ బుక్‌లో రాసుకొని రండి. కోయలో, లంబాడీలో ఏమంటరో అది కూడా రాయండి. అన్నీ కలిపి ఒక చార్టు చేసి ఈ గోడకే పెడదాం. రెండోది, వార్డెన్లకు, పెద్దలకు నమస్కరించి అడుగుతున్నాను. మేం తప్పు చేస్తే తిట్టండి, పడతాం. కానీ ఆ ఒక్క తిట్టు మాత్రం వద్దు. అది మాకు తగలదు, మమ్మల్ని బడికి పంపినవాళ్ళకు తగులుతుంది. వాళ్ళు పశువులు కాసిన పైసలతోనే మేం పలక కొనుక్కున్నాం.

– 9వ తరగతి విద్యార్థిని, కూసుమంచి