కొమ్మలు ఉన్నాయి, వెలుగు ఉందా?



గత ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలతో కలిసి కూర్చున్నాం. కొత్త మందిరం కప్పుకు ఏ దీపం వేలాడదీయాలన్నది మాట. పట్నంలో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు ఫోనులో ఫొటో చూపించాడు. విక్టోరియా రాణి కాలంనాటి గ్యాస్ షాండ్లియర్. ఇత్తడి కొమ్మల మీద కొంగలు, వెదురు ఆకులు, విసనకర్రలు. "అయ్యగారూ, ఇలాంటిది పెడితే మందిరానికి కళ వస్తుంది" అన్నాడు. మాకూ నచ్చింది. నచ్చలేదంటే అబద్ధమాడినట్టే.

ఇంగ్లండు దీపం మీద జపాను కొంగలు ఎందుకున్నాయి? 1862లో లండన్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జపాను వస్తువులు పెట్టారు. చూసినవాళ్లు ముగ్ధులయ్యారు. తర్వాత ఇరవై ముప్పై ఏళ్లపాటు కుర్చీల మీద, పింగాణీ మీద, దీపాల మీద ఆ బొమ్మలే. ఆ దీపం కొమ్మలు లోపల బోలుగా ఉంటాయి. బొగ్గును గాలి తగలకుండా కాల్చి తీసిన గ్యాస్ వీధి గొట్టాల గుండా ఇంట్లోకి వచ్చి, ఆ కొమ్మల్లోంచి పారి, చివర మంటగా వెలిగేది. కరెంటు వచ్చాక గ్యాస్ ఆగిపోయింది. కొన్నింటికి వైర్లు లాగి బల్బులు పెట్టారు. మిగిలినవి అలంకారంగానే ఉండిపోయాయి. కొంగలు అలాగే ఉన్నాయి, లోపల పారేది మాత్రం లేదు.

ప్రియులారా, బొగ్గు అనగానే మన నేల గుర్తొస్తుంది. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టారు. దాన్ని తవ్వడానికి 1886లో ఇంగ్లండులోనే ఒక కంపెనీ పెట్టారు. మన కాళ్లకింది బొగ్గు ఇప్పుడు పాల్వంచలో కరెంటు అవుతోంది. ఆ కరెంటుతో ఎక్కడెక్కడి ఊళ్లో వెలుగుతున్నాయి. కానీ మేము ప్రార్థన కూడికకు వెళ్లే గుత్తికోయ గూడేనికి కరెంటు స్తంభం రాలేదు. అటవీ భూమి అంటారు. అక్కడ అక్కలు సెల్‌ఫోను వెలుతురులో వాక్యం చదువుతారు. ఛార్జింగ్ అయిపోతే చీకట్లోనే పాడతారు. రాత్రి బిడ్డకు తేలు కుడితే, ఎక్కడ కుట్టిందో చూడడానికి కూడా దీపం ఉండదు.

అందం పాపమని మేము చెప్పడం లేదు. నిర్గమకాండము 25లో దీపవృక్షానికి బాదం పువ్వులు, మొగ్గలు చెక్కమన్నది దేవుడే. అయితే 27వ అధ్యాయంలో నిత్యం వెలగడానికి నూనె తెమ్మని చెప్పిందీ ఆయనే. పువ్వులు చెక్కి నూనె మరచిపోతే అది దీపం కాదు, బంగారపు చెట్టు.

ఒక పెద్దాయన అడిగాడు: "పేదలకు ఇవ్వొచ్చుగా అన్నది యూదా మాట కాదా, అయ్యగారూ?" మంచి ప్రశ్న. యోహాను 12లో మరియ అత్తరు పోసినప్పుడు అలా అన్నది వాడే. కానీ వాడి తప్పు పేదల పేరెత్తడం కాదు, పేదలంటే వాడికి చింత లేకపోవడం. షాండ్లియర్ వద్దని చెప్పి, ఆ డబ్బు సంచిలోనే దాచుకుంటే మనమూ యూదాలమే. కాబట్టి వద్దనే మాటతో పని తీరదు, వెలిగించాలి.

ఆ షాండ్లియర్ల కాలంలోనే, 1860 ప్రాంతంలో, గోదావరి పడవ మార్గం పనులకు వచ్చిన ఇంజనీరు హేగ్ గారి వల్ల దుమ్ముగూడెంలో కోయల మధ్య సేవ మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ గారు కోయ భాష నేర్చుకుని సువార్తను ఆ భాషలోకి తెచ్చారు. వాళ్ల దేశపు పెద్దిళ్లలో కొంగల దీపాలు వేలాడుతున్న రోజులవి. వాళ్లు ఆ వెలుగు వదిలి ఈ అడవికి వచ్చారు. మనకు గూడెం నాలుగు కిలోమీటర్లే.

మా అభిప్రాయం ఇది. మందిరానికి నాలుగు ట్యూబులైట్లు చాలు. మిగిలిన డబ్బుతో గూడెంలో ఇంటికొక సోలార్ దీపం కొందాం. వచ్చే ఆదివారం పెద్దలు మళ్లీ కూర్చుంటారు. అంతవరకు మీరూ ప్రార్థించండి. ఫొటో పంపిన తమ్ముడికి ఈ మాట చెబితే కాసేపు ఊరుకుని, "మొదటి రెండు దీపాలు నావి, అయ్యగారూ" అన్నాడు.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.