ధర రాసేదీ వాళ్లే, సాయం చేసేదీ వాళ్లే

గిద్దలూరు మండలంలోని ఒక మాదిగపల్లెలో ఈ మధ్య మా చేతికి ఒక ఫారం వచ్చింది. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. ఆ ఇంటి పెద్దాయనకు క్యాన్సర్. గుంటూరులో రాసిచ్చిన మాత్రల ఖర్చు ఇంట్లో ఇద్దరి కూలి డబ్బులనూ దాటిపోయింది. "కొన్ని నెలలు కొంటే మిగతా నెలలు కంపెనీయే ఉచితంగా ఇస్తుంది" అని చెప్పి ఎవరో ఆ ఫారం ఇచ్చారు. కొడుకు మమ్మల్ని అడిగింది ఒక్కటే: "అన్నా, దీని మీద సంతకం పెట్టొచ్చా?"

పెట్టొచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అందే సాయాన్ని వద్దనే హక్కు మనకెవరికీ లేదు. కానీ ఆ కాగితం ఎందుకు పుట్టిందో తెలుసుకుని పెట్టాలి.

ఈ పద్ధతి బాగా పెరిగింది అమెరికాలో. అక్కడ బీమా ఉన్న రోగి కూడా మందు ధరలో కొంత తన జేబులోంచి కట్టాలి. దాన్ని కో-పే అంటారు. ఆ వాటాను మందు కంపెనీయో, కంపెనీ విరాళాలతో నడిచే ఫౌండేషనో కడితే రోగికి ఊరట దొరుకుతుంది. మిగతా పెద్ద మొత్తాన్ని బీమా సంస్థ పూర్తి ధరకే చెల్లిస్తుంది. వాటా కట్టలేక రోగి మందు మానేస్తాడనే భయం కంపెనీకి ఉండదు కాబట్టి ధర తగ్గించాల్సిన అవసరమూ ఉండదు. అందుకే ప్రభుత్వ బీమా మెడికేర్ విషయంలో కంపెనీలు ఇలా కట్టడాన్ని అక్కడి చట్టం ముడుపుగా చూస్తుంది. ఒక ఫౌండేషన్ ద్వారా ఇలా చేసిందన్న ఆరోపణపై 2018లో ఫైజర్, తప్పు ఒప్పుకోకుండానే, సుమారు 2.38 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది.

మన దగ్గర ఇదే కథ వేరే వేషంలో నడిచింది. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్‌కు నోవార్టిస్ నెలకు దాదాపు 1,20,000 రూపాయల ధర పెట్టింది. జనరిక్ 10,000 లోపే దొరికేది. ధర గురించి అడిగితే, తమ రోగుల్లో 95 శాతం మందికి ఉచితంగానే ఇస్తున్నామని కంపెనీ జవాబిచ్చేది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ పేటెంటును తిరస్కరించింది. జనరిక్ నిలబడింది. దానికి ఏడాది ముందే, 2012 మార్చిలో, బేయర్ నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముతున్న నెక్సావర్‌ను 8,880 దాటకుండా అమ్మేలా హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు దక్కింది. 2025 అక్టోబరులో వెన్నెముక కండరాల క్షీణత మందు రిస్డిప్లామ్ విషయంలో రోష్ కోర్టులో ఓడాక, 6 లక్షలు దాటిన సీసా స్థానంలో నాట్కో సీసా 15,900 ధరతో వచ్చింది.

ఉచిత పథకం ఎన్నేళ్లు నడిచినా రాని మార్పు ధర పడితే వచ్చింది. కారణం కష్టమైనదేం కాదు. ఉచితం ఫారం నింపినవాడికి అందుతుంది, ధర తగ్గితే అందరికీ అందుతుంది.

ఆ ఫారం నింపగలిగేదెవరు? ఇంగ్లీషు వచ్చినవాడు, ఆదాయ పత్రం కోసం పని మానుకుని మండల ఆఫీసుకు తిరగగలిగినవాడు, నెలనెలా గుంటూరు రైలెక్కగలిగినవాడు. అర్హత మాట పక్కన పెట్టినా, మార్కాపురం పలకల ఖార్ఖానాల్లో రోజుకూలీకి పోయే మాలమాదిగ ఇళ్లకు ఈ మూడూ దొరకడం కష్టం.

మరి ప్రభుత్వం? ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీలు ఎక్కువగా ఆపరేషన్లకు, ఆసుపత్రిలో చేసే చికిత్సలకు కట్టినవి. ఇంటి దగ్గర ఏళ్ల తరబడి మింగాల్సిన ఖరీదైన మాత్ర చాలాసార్లు వాటి బయటే ఉండిపోతుంది. ఆసుపత్రి సేవలకూ పూర్తి భరోసా లేదు. 2025 అక్టోబరులో బకాయిల కోసం ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఇక మిగిలేది సీఎం సహాయ నిధి. చాలాసార్లు ముందు అప్పు తెచ్చి బిల్లు కట్టాలి, తర్వాత ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ తిరగాలి. చెక్కు వచ్చేలోపు నూటికి మూడు రూపాయల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కంపెనీ ఫారమైనా సీఎం చెక్కైనా, రెండింటిలోనూ మనం అర్జీదారులమే.

ఇలాంటి సాయం ఇంటికి వచ్చినప్పుడు విద్యార్థులు, కార్యకర్తలు పక్కన కూర్చుని కొన్ని విషయాలు తేల్చాలి. డబ్బు అసలు ఎవరిది, ఎన్ని నెలలు ఇస్తారు, ఏ కారణం మీద ఆపుతారు అన్నవి కాగితం మీద ఉన్నాయా చూడాలి. రిపోర్టులు, ఆధార్ ఎవరి చేతికి పోతున్నాయో అడగాలి. ముందుగా ఫీజో, ఓటీపీయో అడిగితే అక్కడే ఆగిపోవాలి. అన్నిటికన్నా ముందు, డాక్టరును మందు అసలు పేరు రాసివ్వమని అడగాలి. అదే మందు వేరే కంపెనీది తక్కువకు ఉందేమో, జన ఔషధిలో దొరుకుతుందేమో కనుక్కోవాలి. ప్యాకేజీలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను, లేకపోతే 104ను అడగాలి. ఉచితం అయిపోయాక వచ్చే నెల మందు ఎలా కొంటామన్న ప్రశ్న మొదటి నెలలోనే వేసుకోవాలి.

ఇవి ఒక ఇంటిని కాపాడతాయి. పల్లె మొత్తానికి కావాల్సింది వేరే. మార్కాపురం ప్రభుత్వ వైద్య కళాశాలను పీపీపీ పద్ధతిలో కట్టాలని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఈ ప్రాంతంలో క్యాన్సర్ మాత్ర, డయాలసిస్ రోగి ఇంజెక్షను ప్రభుత్వ కౌంటరులో ఉచితంగా దొరకాలంటే ఆ ఆసుపత్రి పూర్తిగా ప్రభుత్వ చేతిలోనే ఉండాలి. ఇంటి దగ్గర వాడే ఖరీదైన మందులను వైద్య సేవలో చేర్చాలి. 2013 చట్టం ప్రకారం ఎస్సీ ఉప ప్రణాళిక నిధుల్లో ఈ ఖర్చుకు విడిగా పద్దు ఉండాలని అడగాలి. పేటెంటు మందు అందని ధరలో ఉంటే కంపల్సరీ లైసెన్సుకు చట్టంలో సెక్షన్ 84 ఇప్పటికీ ఉంది. 2012 తర్వాత దాన్ని మళ్లీ ఎందుకు వాడలేదో కూడా అడగాలి.

గిద్దలూరు పల్లెలో ఆ కొడుకు సంతకం పెట్టాడు. మందు అసలు పేరును మాత్రం తెలుగులో వేరే చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు.